మూత తియ్యని సీసా

కోనసీమలో ఎవరింటికైనా వెళ్ళి గొంతు తడుపుకోకుండా బయటపడడం మానవమాత్రుల వల్ల అయ్యే పని కాదు. దారి అడగడానికి గుమ్మం ఎక్కినా సరే, ముందు కుర్చీ వేస్తారు, తర్వాత ఎవరినో చెట్టెక్కిస్తారు, బొండం కొట్టి చేతికిచ్చాకే దారి చెబుతారు. వద్దంటే "ఆయ్, అలాగేనండి" అని లోపలికెళ్ళి, ఇంకా పెద్ద బొండం తెస్తారు. నేను పుట్టింది ఇక్కడే, పెళ్ళి చేసుకుని కాపురం పెట్టింది అమలాపురంలోనే. నలభై దాటేదాకా ఇందులో ఇబ్బంది పడడానికి ఏముంటుందో నాకు తెలీదు. దాటాక తెలిసింది.

దగ్గితే పడేది. తుమ్మితే పడేది. నవ్వితే చెప్పనే అక్కర్లేదు. రెండో కాన్పు తర్వాత చుక్కో రెండు చుక్కలో ఉండేది కదా అని ఊరుకుంటే, నలభై దాటేసరికి మూత్రం నా మాట వినడం పూర్తిగా మానేసింది. తొమ్మిదో తరగతి అల్లరి మూకని కనుసైగతో కూర్చోబెట్టేదాన్ని, నా ఒంట్లోదాన్ని నేను ఆపలేకపోయేదాన్ని. నేను తెలుగు టీచర్ని. ఎంతెంత సమాసాలో విప్పి చెప్పినదాన్ని, ఈ ఒక్క సంగతి ఇంకొకరికి చెప్పడానికి మర్యాదైన మాట ఒక్కటీ తోచలేదు. మా వారికి మాత్రం చెప్పాను. ఆయన పేపరు దించి, బాగా ఆలోచించి, "నీళ్ళు తగ్గించు" అన్నారు. మళ్ళీ పేపరు ఎత్తారు. ఆయన వైద్యం అంతే.

నేను పనిచేసే హైస్కూలు కొత్తపేట వైపు ఒక పల్లెటూళ్ళో ఉండేది. అమలాపురం నుంచి బస్సు. మా వైపు రోడ్లు ఎలాంటివో వాటి మీద తిరిగినవాళ్ళకి తెలుసు. అడుగడుక్కీ ఒక కాలవ, కాలవకో వంతెన, వంతెనకో మూపు. మా డ్రైవరు ఆ మూపు దగ్గర బ్రేకు వెయ్యడం నామోషీ అనుకునేవాడు. బస్సు ఎగిరి కిందపడిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేదాన్ని, పక్కన కూర్చున్నవాళ్ళు నాకు భక్తి ఎక్కువనుకునేవాళ్ళు. స్కూల్లో ఆడవాళ్ళకో మరుగుదొడ్డి ఉంది గానీ దాని తాళం హెడ్మాస్టారి టేబులు సొరుగులో ఉండేది. ఆయన దగ్గరికెళ్ళి తాళం అడగడం కంటే ఆ ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం తేలిక. అందుకని మా వారి వైద్యమే మొదలెట్టాను. ఉదయం కాఫీ తాగి, ఇల్లు చేరేదాకా చుక్క నీరు ముట్టేదాన్ని కాదు. బండారులంకలో ముచ్చటపడి కొనుక్కున్న నేత చీరల్లో లేత రంగులన్నీ బీరువా అడుక్కి వెళ్ళిపోయాయి. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, నలుపు. స్కూల్లో పిల్లలు నాకేదో పేరు పెట్టే ఉంటారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా స్కూల్లో సైన్సు చెప్పే మేడమ్ గారు నాకు ప్రాణ స్నేహితురాలు. ఇద్దరం ఒకే ఏడు అక్కడికి వచ్చాం. స్కూలు పక్కనే కాలవ, కాలవకి అవతల క్రైస్తవుల పేట. అక్కడే వాళ్ళ ఇల్లు. నా బస్సు ఐదింటికి, బడి వదిలేది అంతకు చాలా ముందే. ఆ మధ్యలో కాలక్షేపం అంతా వాళ్ళ అరుగు మీదే. వాళ్ళమ్మగారిని నేను పెద్దమ్మగారూ అని పిలిచేదాన్ని. నాట్లకీ కోతలకీ వెళ్ళి, ఒక్కగానొక్క కూతుర్ని బీయెడ్ దాకా చదివించిన మనిషి. మేం గేటు తీసిన చప్పుడు వినగానే కత్తి తీసుకుని లేచేవారు. వాళ్ళ దొడ్లో చెట్టుది బొండం కొట్టి, స్టీలు గ్లాసులో పోసి, రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చేవారు. నేను తాగుతుంటే గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడేవారు. ఏళ్ళ తరబడి అలా తాగాను. రెండో గ్లాసు అడిగి తాగిన రోజులు కూడా ఎన్నో.

నీళ్ళు మానేశాక ఆ గ్లాసు నాకు గండమైపోయింది. బొండం నీళ్ళు తాగి ఐదింటి బస్సెక్కితే మొదటి వంతెన దగ్గరే నా పరువు కాలవలో కలుస్తుంది. మొదటి రోజు "ఇప్పుడే స్టాఫ్ రూములో టీ తాగేనండి" అన్నాను. మర్నాడు గొంతు నొప్పి అన్నాను. ఆ తర్వాత వరసగా ఉపవాసాలు. సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకటేశ్వర స్వామికి. మా ఇంటిల్లిపాదీ కలిసి చేసినా అన్ని ఉపవాసాలు ఉండవు. పోనీ ఏదైనా తిందామా అంటే తింటే దాహం వేస్తుంది. అందుకని జంతిక ముక్క కూడా ముట్టేదాన్ని కాదు.

కొన్నాళ్ళకి స్టీలు గ్లాసు పోయి గాజు గ్లాసు వచ్చింది. దాని మీద పువ్వులు కూడా ఉన్నాయి. నేను ముట్టలేదు. తర్వాత పింగాణీ కప్పులో టీ వచ్చింది, అది ఇంకా ప్రమాదం. చివరికి ఒకరోజు పెద్దమ్మగారు ట్రేలో ఒక కూల్ డ్రింకు సీసా, పక్కన మూత తీసే ఓపెనరు పెట్టి తెచ్చారు.

"కొట్టులోంచి తెప్పించేనండి. మూత తియ్యలేదండి. మీ చేత్తో మీరే తీసుకోండి," అన్నారు.

నేను మట్టిబుర్రని. గ్యాసు సీసా చూడగానే నా ప్రాణం గుటుక్కుమంది, అంతే తప్ప ఆ మాటలో ఏముందో బుర్రకెక్కలేదు. "అయ్యో, గ్యాసు నాకు పడదండి పెద్దమ్మగారూ," అన్నాను. "ఆయ్, అలాగేనండి," అని ఆవిడ ట్రే లోపలికి పట్టుకెళ్ళిపోయారు. ఆ రోజునుంచి తల్లీకూతుళ్ళు నా విషయంలో మరీ మర్యాదగా అయిపోయారు. సైన్సు మేడమ్ గారు అంతకుముందు "ఏమండోయ్" అని భుజం చరిచే మనిషి, "కూర్చోండి, నిలబడిపోయేరేంటండి" అనడం మొదలెట్టారు. మా గోదావరోళ్ళకి కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. అది తెలిసి కూడా నేను గ్రహించలేదు. నా ధ్యాసంతా ఐదింటి బస్సు మీదే.

ఆ వేసవిలో వాళ్ళు పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా కట్టుకున్నారు. బడులు తెరిచాక కొత్తింట్లో ప్రార్థన కూడిక పెట్టి, తర్వాత భోజనాలు. మేడమ్ గారు స్వయంగా అమలాపురం వచ్చి, మా అత్తగారికి కూడా చెప్పి, నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళి మెల్లిగా అన్నారు:

"తప్పకుండా రావాలండి. మీరేం మొహమాటపడక్కర్లేదు. మీకోసం విడిగా వంట పెట్టించేం. వంటాయన మీ వీధాయనేనండి. గిన్నెలూ గ్లాసులూ కూడా అద్దెకి తెచ్చినవే, మావి కాదు."

అప్పుడు వెలిగింది నాకు. పువ్వుల గ్లాసు, పింగాణీ కప్పు, మూత తియ్యని సీసా, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు నిలబడ్డాయి. నేను నీళ్ళు మానేసిన రోజుల్లోనే మా అత్తగారు మా ఇంటికొచ్చి ఉన్నారు. ఆవిడకి మడి ఎక్కువని మా వైపు అందరికీ తెలుసు. ఆవిడ తరంలో పేటవాళ్ళు దాహమని వస్తే దోసిలి పట్టమని పైనుంచి నీళ్ళు పోసేవారు. అత్తగారు వచ్చారు, కోడలు పేటలో నీళ్ళు మానేసింది. లెక్క సరిపోయింది. పెద్దమ్మగారు ఇలాంటి లెక్కలు ఎన్ని చూసుంటారు.

నాకు దుఃఖం వచ్చింది, దాని వెనకే ఒళ్ళు మండిపోయింది. మేడమ్ గారిని చెయ్యి పట్టుకుని మా పెరట్లోకి లాక్కెళ్ళాను.

"నేను మానేసింది మీ ఇంట్లో నీళ్ళు కాదండి. ఎవరింట్లోనూ తాగడం లేదు. నాకు... ఆగట్లేదండి."

"ఏది ఆగట్లేదండి?"

చెప్పాను. ఏ మాటలతో చెప్పానో గుర్తులేదు, ఏ నిఘంటువులోనూ ఉండేవి మాత్రం కావు. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, ముదురు నీలం చీర దగ్గర ఆగారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నారని అర్థమై నాకూ నవ్వొచ్చింది, నవ్వొస్తే ఏమవుతుందో అదీ అయింది. ఇద్దరం కొబ్బరి చెట్టుకి చెరోవైపు ఆనుకుని నవ్వి, తర్వాత ఏడ్చాం. "రెండేళ్ళండి! రెండేళ్ళు మా అమ్మ మీగురించి..." అని ఆవిడ మాట మింగేశారు. కళ్ళు తుడుచుకున్నాక ఆవిడలో సైన్సు టీచరు మేలుకుంది. ఏటా బోర్డు మీద మూత్రపిండాల బొమ్మ గీసే మనిషి. దీనికి వైద్యం ఉంటుంది, కాకినాడ వెళ్దాం అన్నారు.

అక్కడితో తేలిపోయిందనుకున్నాను. మర్నాడు ఆవిడ మొహం వేలాడేసుకుని స్టాఫ్ రూముకి వచ్చారు. రాత్రే వాళ్ళమ్మగారికి సంగతి చెప్పారట. ఆవిడ నమ్మలేదట.

"ఏమన్నారండి?" అన్నాను.

"చెప్పమంటారా? 'తలనొప్పి వంక విన్నాను, ఉపవాసం వంక విన్నాను, ఇప్పుడే తాగొచ్చేం అన్నవాళ్ళకైతే లెక్కే లేదు. ఈ ఉచ్చ వంక ఒకటి మిగిలిపోయింది, అదీ వినేశాను' అందండి."

కూడికకి వెళ్ళాను. ఆ విడి వంట ముట్టకుండా అందరితో పాటు పంక్తిలో కూర్చుని తిన్నాను. నీళ్ళు మాత్రం తాగలేకపోయాను, బస్సుంది కదా. పెద్దమ్మగారు దూరంగా స్తంభానికి ఆనుకుని నా ఆకు వైపు చూడలేదు, ఆకు పక్కనున్న గ్లాసు వైపే చూశారు. అది నిండుగా అలాగే ఉంది. ఆ చూపు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. చీరలు పోతే పోయాయి, ఆ గ్లాసు ఎత్తి ఖాళీ చెయ్యాలి. నాకిక వేరే కోరిక లేదు.

కాకినాడలో లేడీ డాక్టరు గారు మంచి మనిషి. ముందు కడుపునిండా నీళ్ళు తాగి రమ్మన్నారు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి, ఆసుపత్రి బయట బండి దగ్గర బొండం మీద బొండం తాగాను. ఆ తియ్యదనానికి కళ్ళనీళ్ళొచ్చాయి. లోపల బల్ల మీద పడుకోబెట్టి "దగ్గండి" అన్నారు. ఇన్నాళ్ళూ వద్దన్నా వచ్చే దగ్గు, అడిగితే రాలేదు. వచ్చినప్పుడు మాత్రం డాక్టరు గారు ఒకడుగు వెనక్కి వేయాల్సొచ్చింది.

మూత్రనాళానికి కింద ఉండాల్సిన ఆసరా కాన్పులతో సడలిపోయిందని, దగ్గినప్పుడు అది జారుతోందని ఆవిడ చెప్పారు. ముందు మూడు నెలలు వ్యాయామం. మూత్రం మధ్యలో ఆపినప్పుడు ఏ కండరాలు బిగుస్తాయో వాటిని బిగపట్టడం, వదలడం. ఎవరికీ కనబడదు, ఎక్కడైనా చేసుకోవచ్చన్నారు. నేను క్లాసులో చేసుకున్నాను. పద్యం ఒక్కో పాదం చదువుతూ బిగపట్టి, పాదం చివర వదిలేదాన్ని. నా మొహం చూసి పిల్లలు కిక్కురుమనేవారు కాదు. ఆ ఏడు పద్యాలన్నీ వాళ్ళకి నోటికి వచ్చేశాయి. నాకు కూడా కొంచెం తగ్గింది గానీ వంతెనల ముందు ఆ కొంచెం చాల్లేదు.

అప్పుడు ఆపరేషను అన్నారు. సన్నటి ప్లాస్టిక్ దారంతో వలలా అల్లిన పట్టీ, వేలెడు వెడల్పు కూడా ఉండదు. చిన్న గాటు పెట్టి దాన్ని మూత్రనాళం కింద నుంచి ఉయ్యాలలా వేస్తారు. అప్పుడప్పుడే మా వైపు మొదలైంది. మరీ బిగువైతే మూత్రం కష్టమవుతుంది, కొందరికి పట్టీతో తర్వాత ఇబ్బందులు రావచ్చు, అన్నీ ఆలోచించుకోండి అని డాక్టరు గారు దాచకుండా చెప్పారు. మా వారు ఆలోచించుకోవడానికి పేపరు ఎత్తబోయారు. నేను అప్పటికే సంతకం పెట్టేశాను.

పూర్తిగా మత్తివ్వలేదు. మధ్యలో నేను దగ్గాలట, పట్టీ బిగువు సరిపోయిందో లేదో చూడాలట. పచ్చగుడ్డల మధ్య కదలకుండా పడుకున్నాను.

"దగ్గండమ్మా," అన్నారు డాక్టరు గారు. దగ్గాను.

"అది గొంతు సవరించుకోవడం. గట్టిగా దగ్గండి."

"చేతులు కట్టేసేరు కదండీ. అడ్డం పెట్టుకోకుండా పెద్దవాళ్ళ మొహం మీద దగ్గడం ఎలాగండీ?"

నర్సమ్మ పక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. "ఆ, అదీ! నవ్వండి, నవ్వండి!" అంటూ డాక్టరు గారు కింద ఏదో సరిచేశారు. నవ్వమని ఒకరు నన్ను బతిమాలడం ఎన్నేళ్ళకో!

ఇక చివరి పరీక్ష మిగిలింది. మూత్రానికి పెట్టిన గొట్టం తీసేశాక సొంతంగా మూత్రం పోసుకుంటేనే ఇంటికి పంపుతారు. ఇన్నేళ్ళూ పిలవకుండా వచ్చింది, ఇప్పుడు బాత్రూములో కూర్చుని బతిమాలితే రాదు. సైన్సు మేడమ్ గారు సెలవు పెట్టి నాతో ఉన్నారు. బయట నుంచి "కుళాయి తిప్పుకోండి, ఆ చప్పుడుకి వస్తుంది" అని సలహాలు ఇచ్చారు. "వచ్చిందాండీ?" "లేదండీ." "ఇప్పుడండీ?" "ఊరుకోండి మీరు!" వార్డులో ఉన్నవాళ్ళంతా నాకోసం ఎదురుచూశారు. చివరికి వచ్చింది. ఆవిడ బయట చప్పట్లు కొట్టారు, ఎవరో ముసలామె "దేవుడి దయ" అంది. మా వారు మాత్రం అమలాపురంలో అందరికీ హెర్నియా అని చెప్పుకొచ్చారట.

"మీ అమ్మగారికి చెప్పేరా?" అని అడిగాను, కారులో ఇంటికి వస్తూ.

ఆవిడ తల దించుకున్నారు. "చెప్పేనండి. 'వంక నిజం చెయ్యడానికి కోయించుకునేదాకా వెళ్ళేరన్నమాట' అందండి."

బరువులెత్తకుండా డాక్టరు గారు చెప్పినన్నాళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ బడికి వెళ్ళిన మొదటి రోజు బీరువా అడుగు నుంచి గంధం రంగు చీర తీసి కట్టుకున్నాను. బండారులంక చీర, చుక్క నీరు పడినా పదిమందికి కనబడుతుంది. సాయంత్రం మేడమ్ గారితో పాటు గేటు తీశాను. పెద్దమ్మగారు కొత్త డాబా అరుగు మీద కొబ్బరాకు ఈనెలు తీస్తున్నారు. నన్ను చూసి లేచి, కూతురితో "కొట్టుకెళ్ళి కూల్ డ్రింకు తేమ్మా" అన్నారు.

"కూల్ డ్రింకు వద్దండి పెద్దమ్మగారూ. బొండం కొట్టండి," అన్నాను.

ఆవిడ కత్తి తీసుకున్నారు. గాజు గ్లాసు కోసం కూతురు లోపలికి వెళ్ళబోతే, "మన స్టీలు గ్లాసే తే" అన్నారు. పోసి, రెండు చేతులతో ఇచ్చారు. తాగాను. రెండోది అడిగాను. మూడోదీ అడిగాను. కడుపు బరువెక్కింది. డాక్టరు గారి మీద నాకు నమ్మకమే గానీ ఆవిడ మా రోడ్ల మీద పరీక్ష పెట్టలేదు కదా.

"తాగేరు. బాగానే ఉంది," అన్నారు పెద్దమ్మగారు. "ఇప్పుడు దగ్గండి."

"అమ్మా!" అంది కూతురు.

నేను లేచి నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పేటంతా వినబడేలా దగ్గాను. అరుగు మీంచి కోడిపెట్ట పారిపోయింది. పెద్దమ్మగారు నా చుట్టూ ఒకసారి తిరిగారు. చీర ముందూ వెనకా చూశారు. కూర్చున్న కుర్చీ చేత్తో తడిమారు. గంధం రంగు గంధం రంగులాగే ఉంది.

"పొడిగానే ఉందే," అన్నారు. అని అరుగు మీద కూలబడ్డారు. "అయితే నిజంగానే దానికి మందుందాండీ?"

"మీరు నా మాట నమ్మలేదు కదండీ," అన్నాను. నాకింకా కొంచెం కోపంగానే ఉంది.

"ఎలా నమ్ముతానండీ? ఉచ్చ పడితే పడుద్ది. అందుకని ఎవరన్నా నీళ్ళు మానేస్తారా? నేను మానేసేనా? నాట్లలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడేవాళ్ళం. చీర ఎలాగూ తడిసే ఉండేది. ఎవరికి తెలుస్తాదండీ? అది రోగమని నాకేం తెలుసు."

బోర్డు మీద ఏటా ఆ బొమ్మ గీసే సైన్సు మేడమ్ గారు తల్లి పక్కన నేల మీద చతికిలబడ్డారు. "ఎప్పట్నించమ్మా?" అన్నారు.

"నువ్వు పుట్టిన కాణ్ణించీ," అన్నారు పెద్దమ్మగారు. అని నా చేతిలో గ్లాసు తీసుకుని, తనకోసం ఇంకో బొండం కొట్టుకోవడానికి లేచారు.